గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో కొయ్య పని: తక్కువ సద్దు చేసే రంపం ఏది?

తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి పేటల్లో ఇల్లూ ఇల్లూ ఆనుకొనే ఉంటాయి. అపార్టుమెంట్లకు వెళితే ఫ్లాటుకూ ఫ్లాటుకూ మధ్య చాలాచోట్ల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడే. ఇలాంటి ఇంట్లో పూజా మందిరమో, పుస్తకాల అలమారో, పిల్లల చదువు బల్లో సొంతంగా చేసుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది రంపం సంగతి. చిత్రిక పట్టినా, డ్రిల్లు వేసినా పక్కింటోళ్లు ఓర్చుకుంటారు. రంపం దగ్గరే మాట వస్తుంది.

తొందరలో ఉన్నవాళ్లకు మా సలహా ఇది. జపాన్ తరహా లాగుడు రంపం ఒకటి, వేగం తగ్గించుకునే వీలున్న జిగ్ సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే చేతి మిషన్) ఒకటి కొనండి. పొడవు కోతలన్నీ కోత మిల్లులోనో ప్లైవుడ్ షాపులోనో కోయించుకొని తెచ్చుకోండి. ఈ మూడిటితో ఇంటి పనిలో చాలా భాగం అయిపోతుంది. డబ్బూ జాగా రెండూ ఉంటే చిన్న బ్యాండ్ సా, అంటే పట్టీలాంటి బ్లేడు రెండు చక్రాల మీద తిరిగే రంపం. మార్బుల్ కట్టర్‌కు కొయ్య బ్లేడు బిగించి కోసే అలవాటు మాత్రం ఈ ఇళ్లకు అస్సలు పనికిరాదు. ఎందుకో కింద చూద్దాం.

సద్దు ఎంత, ఏ దారిన పోతుంది

డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది, చెవికి సుమారు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. కోస్తున్న మనిషి చెవి దగ్గర కొలిస్తే చేతి రంపం సుమారు 70 నుంచి 80, జిగ్ సా 85 నుంచి 90, గుండ్రటి బ్లేడు తిరిగే సర్క్యులర్ సా 95 నుంచి 100 దాకా ఉంటుంది. చాప్ సా అని పిలిచే మైటర్ సా (బ్లేడును పైనుంచి కిందికి దించి కోసేది), బ్రష్ మోటారున్న చిన్న టేబుల్ సా (బల్లలోంచి బ్లేడు పైకి వచ్చేది) కూడా 100 దగ్గరే తిరుగుతాయి. బ్యాండ్ సా బాగా సర్ది ఉంటే 75 నుంచి 85 మధ్య.

రెండు వైపులా పూత పూసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాట స్థాయి శబ్దాన్ని సుమారు 45 డెసిబెల్ తగ్గిస్తుంది. తొమ్మిది అంగుళాల గోడ 50 దాకా. అంటే 100 చేసే సర్క్యులర్ సా గోడవతల 55గా వినిపిస్తుంది, అది అదే గదిలో ఎవరో మామూలుగా మాట్లాడుకుంటున్నంత. 75 చేసే చేతి రంపం 30కి పడిపోతుంది, ఫ్యాన్ తిరుగుతుంటే అసలు తెలియదు.

ఈ లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. నిజం ఇంటిలో గోడ కన్నా ముందు సందులు మోసం చేస్తాయి. కిటికీ తెరిచి ఉంటే గోడ మందం గురించి మాట్లాడటమే దండగ. పాత ఇళ్లలో తలుపు పైనుండే వెంటిలేటర్లు, ఏసీ పైపు కోసం పొడిచి పూడ్చని బొక్క, అన్నిటికన్నా ముఖ్యంగా బాత్‌రూముల వెనకుండే డక్టు. మొదటి అంతస్తులో కోస్తే నాలుగో అంతస్తు బాత్‌రూములో స్పష్టంగా వినిపించేది ఆ డక్టు వల్లే. అందుకే బాత్‌రూమును ఆనుకున్న గదిలో పని పెట్టుకోకండి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టండి. ఏసీ బొక్కను సిమెంటుతోనో పుట్టీతోనో నిండా పూడ్చండి.

రెండో దారి శ్లాబు. గాలిలో పోయే సద్దు వేరు, అదురు వేరు. జిగ్ సా నిమిషానికి 3,000 సార్లు పైకీ కిందికీ ఆడుతుంది, అంటే సెకనుకు 50 అదుర్లు. ఆ అదురు ప్లై షీటులోంచి బల్లకు, బల్ల కాళ్ల నుంచి శ్లాబుకు, శ్లాబు నుంచి కింది ఇంటి సీలింగుకు చేరుతుంది. కింది వాళ్లకు రంపం గొంతు వినిపించదు, తల మీద ఏదో గూంయ్‌మని మోగుతున్నట్టు ఉంటుంది. గోడకు ఎంత దుప్పటి కట్టినా ఇది ఆగదు. గోడకు గుడ్ల అట్టలు, థర్మాకోల్ అతికించే పని కూడా వృథానే. అవి గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గానీ, బరువు లేని వస్తువు శబ్దాన్ని గోడవతలికి పోకుండా ఆపలేదు.

మిషన్ కొనేముందు దాని పుస్తకంలో శబ్దం అంకెలు చూడండి, చాలా కంపెనీలు వేస్తాయి. అక్కడ రెండు అంకెలుంటాయి. ఒకటి ధ్వని పీడనం, అంటే వాడే మనిషి చెవికి తగిలేది. రెండోది ధ్వని శక్తి, మిషన్ మొత్తంగా వదిలేది. రెండోది మొదటిదానికన్నా చాలాసార్లు 8 నుంచి 11 దాకా ఎక్కువ ఉంటుంది. ఒక మిషన్‌కు మొదటి అంకె, ఇంకోదానికి రెండో అంకె పట్టుకొని పోల్చితే మోసపోతారు. పక్కనే ‘కె’ అని 3 గానీ 5 గానీ వేసి ఉంటే అది కొలతలో తేడా. కాబట్టి రెండు మిషన్ల మధ్య 2 డెసిబెల్ తేడా చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

చేతి రంపాలు

మన ఆచారులు వాడే తోపుడు రంపం ముందుకు నెట్టినప్పుడు కోస్తుంది. నెట్టేటప్పుడు వంగకుండా ఉండాలి కాబట్టి రేకు మందంగా ఉంటుంది, కోత వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు దాకా వస్తుంది. లాగుడు రంపం వెనక్కి లాగినప్పుడు కోస్తుంది. లాగితే రేకు తనంతట తనే బిగుసుకుంటుంది, అందుకే అర మిల్లీమీటరు పలచన రేకు సరిపోతుంది. కోత సన్నగా ఉంటే తీసేయాల్సిన కొయ్య తక్కువ, పొట్టు తక్కువ, బలం తక్కువ, సద్దూ తక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లకు గీత మీద నిలబడటం కూడా లాగుడు రంపంతోనే తేలిక.

కొనాల్సింది 240 లేదా 250 మిల్లీమీటర్ల ‘ర్యోబా’. దానికి రెండు అంచులా పళ్ళుంటాయి, ఒకవైపు నార వెంట నిలువు కోతకు, రెండోవైపు అడ్డ కోతకు. వీపు పట్టీ ఉన్న ‘దొజుకి’ జాయింట్లకు చాలా శుభ్రంగా కోస్తుంది కానీ ఆ పట్టీ అడ్డం వస్తుంది కాబట్టి లోతు కోతలకు పనికిరాదు. మొదటి రంపంగా అది వద్దు.

ఒక హెచ్చరిక ఉంది. ఆ పళ్ళు దేవదారు లాంటి మెత్తని కొయ్య కోసం పుట్టినవి. మన వేప, నల్లతుమ్మ, పాత ఇళ్లు కొట్టినప్పుడు వచ్చే ముదురు టేకు వాటికి గట్టి పరీక్ష. ముడి దగ్గర బలంగా లాగితే పన్ను విరుగుతుంది. ఒక పన్ను విరిగితే పక్క పళ్ళ మీద భారం పడి అవీ పోతాయి. పాత టేకులో కనపడకుండా విరిగిన మేకుంటే రంపం కథ అక్కడితో సరి. కోసే ముందు గీత పొడుగునా ఒక అయస్కాంతం తిప్పి చూడండి. గట్టి కొయ్య ఎక్కువగా కోసేవాళ్లకు అంగుళానికి 8 నుంచి 10 పళ్ళున్న తోపుడు రంపమే మన్నుతుంది. ప్లై కోతకు 10 నుంచి 12 పళ్ళు, జాయింట్లకు 14 పైన.

పళ్ళ కొసలు నల్లగా, నీలంగా ఉంటే అవి గట్టిపరిచినవి, ఆకురాయికి లొంగవు. మొద్దుబారాక రేకు మార్చాల్సిందే. ప్లైలోని జిగురు వాటిని త్వరగా మొద్దుచేస్తుంది, అందుకే ప్లై కోతకు ఒక చౌక రంపం విడిగా పెట్టుకోవడం లాభం. మామూలు ఉక్కు పళ్ళయితే ముక్కోణపు ఆకురాయితో సానబెట్టుకోవచ్చు. విచిత్రమేమిటంటే చేతి రంపం పని మొత్తంలో పక్కింటి పళ్ళు పులిసేలా చేసేది ఈ సానే. రేకును రెండు కొయ్య పట్టీల మధ్య, పళ్ళు మాత్రం బయటికి కనపడేలా, మొదలంటా బిగిస్తే ఆ కీచు చాలావరకు పోతుంది. పట్టీ పైన రేకు ఎంత ఎక్కువ లేస్తే అంత కీచు.

కోసేటప్పుడు రంపం కీచుమంటే కారణం సాధారణంగా మూడిట్లో ఒకటి. ముక్క రెండు వైపులా ఆనిక లేక కోత మూసుకుపోయి రేకును పట్టేస్తోంది, దీనికి కోతలో సన్న చెక్క పేడు దూర్చితే చాలు. లేదా కొయ్య పచ్చిది. చిత్తూరు వైపు మిల్లుల్లో చౌకగా దొరికే మామిడి పలకలతో ఈ బాధ ఎక్కువ, నీడన ఆరబెట్టకుండా కోస్తే రేకు ఇరుక్కుంటుంది. లేదా పళ్ళు అటూ ఇటూ వాలి ఉండాల్సినంత వాలి లేవు. ఏదైనా సరే, రేకు రెండు వైపులా కొవ్వొత్తి రుద్దండి, రంపం జారుతుంది, సద్దు తగ్గుతుంది. నూనె పూయకండి, కొయ్య మీద మరక పడి తర్వాత పాలిష్ పట్టదు.

ఇక బల్ల. చేతి రంపంతో కోస్తుంటే కింది ఇంటికి వినిపించేది రంపం కాదు, ఊగే బల్ల కాళ్లు నేల మీద కొట్టే టకటక. దాని సంగతి విడిగా చెబుతాం.

జిగ్ సా

కరెంటు రంపాల్లో ఇలాంటి ఇంటికి మొదట తెచ్చుకోదగ్గది ఇదే. వంపులు కోస్తుంది, ప్లై షీటు కోస్తుంది, అటక మీద పెట్టేంత చిన్నది. తిరిగే చక్రం లేదు కాబట్టి ఈల వేయదు. దాని గొడవంతా అదురుతోనే.

కొనేటప్పుడు మూడు చూడండి. వేగం మార్చుకునే చక్రం ఉండాలి, 800 నుంచి 3,000 దాకా. బ్లేడు ముందుకు ఊగే ఆర్బిటల్ అమరికను 0 చేసుకునే వీలుండాలి. బ్లేడు తల ‘టి’ ఆకారంలో పట్టేది కావాలి, ఎందుకంటే ఊళ్లో సులువుగా దొరికే బ్లేడ్లు అవే. బాష్ టి 101 బి బ్లేడు ప్లైకీ పలకకూ శుభ్రమైన కోత ఇస్తుంది. టి 144 డి తొందరగా కోస్తుంది గానీ అంచు చింపుతుంది, గట్టిగా కొడుతుంది. సన్‌మైకా అతికించిన షీటుకు పళ్ళు తలకిందులుగా ఉండే టి 101 బి ఆర్ వాడితే పై ముఖం పెచ్చు లేవదు. కానీ అది మిషన్‌ను పైకి తంతుంది, పునాది పలకను గట్టిగా అదిమి పట్టాలి.

సద్దు తగ్గించే కిటుకంతా షీటును పట్టుకునే తీరులో ఉంది. కోత గీతకు అటూ ఇటూ రెండేసి అంగుళాల దూరంలో షీటు కింద రీపర్లు పెట్టండి, క్లాంపుతో బిగించండి. షీటు అంచు గాలిలో వేలాడుతుంటే అది డప్పు చర్మంలా కొట్టుకుంటుంది, మోటారు సద్దుకన్నా ఆ సద్దే ఎక్కువ. రీపరుకూ షీటుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితే ఇంకా మేలు. ఆర్బిటల్ 0 మీద, వేగం మధ్యలో పెట్టి, మిషన్‌ను తొయ్యకుండా అది తినేంతే ముందుకు పోనివ్వండి. పని నెమ్మదిస్తుంది, దానికి సిద్ధపడాలి.

19 మిల్లీమీటర్ల ప్లై దాకా జిగ్ సా మంచిది. ఒకటిన్నర అంగుళం దాటిన గట్టి కొయ్యలో బ్లేడు లోపల వంగి, పైన గీత మీదే ఉన్నట్టు కనపడుతూ కింద రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. మంచం కోడులాంటి మందం ముక్కలకు చేతి రంపమే వాడండి.

పొట్టు లాగే వ్యాక్యూమ్‌ను జిగ్ సాకు తగిలిస్తే వ్యాక్యూమ్ గోలే ఎక్కువవుతుంది. మాస్కు కట్టుకొని, పని అయ్యాక చీపురుతో ఎత్తడం ఇక్కడ తెలివైన పద్ధతి.

చక్రం తిరిగే రంపాలు

వీటి సద్దు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. బ్లేడు పళ్ళ మధ్య ఖాళీలు గాలిని తెగ్గొడుతూ సైరన్ లాగే పనిచేస్తాయి. ఏడంగుళాల సర్క్యులర్ సా నిమిషానికి 5,000 చుట్లు, 24 పళ్ళ బ్లేడుతో తిరిగితే సెకనుకు 2,000 దెబ్బలు. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది 2,000 నుంచి 5,000 మధ్యనే, సరిగ్గా అక్కడే ఈ సద్దు పడుతుంది. దానికి తోడు బ్రష్ మోటారు ఫ్యాన్, గేర్ల కూత.

మార్బుల్ కట్టర్ నిమిషానికి 12,000 దాటి తిరుగుతుంది. నాలుగంగుళాల కొయ్య బ్లేడు పెట్టి ప్లై కోసేవాళ్లు మన ఊళ్లో ఎక్కువే. చిన్నగా, చౌకగా ఉంటుందని. కింది నుంచి బ్లేడును మూసే కదిలే గార్డు దానికి ఉండదు, బ్లేడు ఇరుక్కుంటే వెనక్కి తంతుంది, పైగా ఆ వేగానికి తగినదా కాదా అని బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం ఎవరూ చూడరు. ప్రమాదం సంగతి ఒక ఎత్తు, ఆ కీచు వీధి మొత్తానికి వినపడటం ఇంకో ఎత్తు. యాంగిల్ గ్రైండరుకు పళ్ళ బ్లేడు బిగించడం దీనికన్నా ఘోరం, ఆ మాటే వద్దు.

సరైన సర్క్యులర్ సా విషయంలో మాత్రం వెంటనే కాదనకండి. చట్టంలో శబ్దాన్ని కొలిచేది సగటు మీద. 100 డెసిబెల్ చేసే సర్క్యులర్ సా ఒక కోత పది సెకన్లలో ముగిస్తే, గంట సగటున అది 74 అవుతుంది. 88 చేసే జిగ్ సాతో అదే పని పది నిమిషాలు చేస్తే గంట సగటు 80. అంకెల్లో సర్క్యులర్ సాయే గెలిచింది. కానీ గోడవతల పసిబిడ్డ నిద్ర లేచేది సగటుకు కాదు, ఒక్కసారిగా మొదలైన కూతకు. అందుకని మా తీర్పు ఇలా: గోడ తొమ్మిదంగుళాలది, కిటికీలు మూసుకుంటాయి, పక్కింటికి ముందే చెప్పారు, ఆ వారం మొత్తానికి నాలుగైదు కోతలే ఉన్నాయి అనుకుంటే సర్క్యులర్ సాతో పావుగంటలో ముగించడం మర్యాదే. రోజూ సాయంత్రం కాసేపు పని చేసేవాళ్లకు అది తగదు.

వాడేట్టయితే 40 పళ్ళ కార్బైడ్ బ్లేడు, పలచన కోతది తీసుకోండి. బ్లేడు మీద పాములా మెలికలు తిరిగిన సన్న గాట్లు, వాటిలో నింపిన పదార్థం కనపడితే అది అదురు తగ్గించే రకం, ఈల తగ్గుతుంది. బ్లేడు లోతు షీటు కింద మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి వచ్చేలా పెట్టండి. షీటును నేల మీద రెండంగుళాల థర్మాకోల్ పలకల మీద పరిచి కోస్తే షీటు అదరదు, అంచు చిట్లదు, బ్లేడు నేలకు తగలదు. జిగురు, బంక పేరుకున్న బ్లేడు ఎక్కువ అరుస్తుంది. దాన్ని తీసి సబ్బు నీళ్లలో నానబెట్టి పాత టూత్ బ్రష్షుతో రుద్ది, బాగా ఆరాకే బిగించండి. కోత అయ్యాక ఊరికే తిప్పకండి, ఖాళీగా తిరిగేటప్పుడే ఈల ఎక్కువ.

బ్యాటరీ సర్క్యులర్ సా కొంటే సద్దు పోతుందనుకుంటారు. మోటారు కూత కాస్త తగ్గుతుంది, బ్లేడు మాత్రం బ్లేడే. మైటర్ సా, బ్రష్ మోటారు టేబుల్ సా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సొంత షెడ్డు ఉన్నవాళ్ల సరుకు అవి.

బ్యాండ్ సా, స్క్రోల్ సా

బ్యాండ్ సా బ్లేడు ఎప్పుడూ కిందికే పోతుంది, కొట్టడం లేదు, తన్నడం లేదు. చాలా వాటిలో ఇండక్షన్ మోటారు, అది కరెంటు 50 హెర్ట్జ్ మీద నిమిషానికి సుమారు 1,400 చుట్లు నిదానంగా తిరుగుతుంది. వచ్చే సద్దు ఒకే తీరుగా ఉంటుంది, చెవి త్వరగా అలవాటు పడుతుంది. తొమ్మిది, పదంగుళాల బల్ల రకం ఒకటి గదిలో పట్టేస్తుంది.

బ్లేడు వెడల్పు పనిని బట్టి మార్చాలి. 6 మిల్లీమీటర్ల బ్లేడు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా వంపు తిరుగుతుంది, 10 మిల్లీమీటర్లది 38 దాకా, 12ది 63 దాకా. వెడల్పు బ్లేడుతో చిన్న వంపు బలవంతంగా తిప్పితే బ్లేడు గైడును రాసుకొని కీచుమంటుంది, చివరికి తెగుతుంది. ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటుంటే బ్లేడు అతుకు దగ్గర గుబ్బ ఉందని. ధబధబమంటుంటే కింది చక్రం రబ్బరు మీద పొట్టు గట్టిపడింది, గీకేయాలి. పని అయ్యాక బ్లేడు బిగువు వదలండి, లేకపోతే ఆ రబ్బరు మీద గుంట పడి మళ్లీ అదే ధబధబ.

స్క్రోల్ సా వేరే జాతి, సన్న బ్లేడు బల్లలోంచి పైకీ కిందికీ ఆడుతుంది. రెండంగుళాల లోపు మందం, సన్న పని, పూజా మందిరం జాలీ, తోరణం, బొమ్మలు. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల కొయ్యబొమ్మలు చూసి చేతులు దురద పెట్టేవాళ్లకు ఇది తగిన మిషన్. సద్దు తక్కువే కానీ అదురు ఉంది, బల్లకు బోల్టు వేసి, మధ్యలో రబ్బరు పెట్టాలి. నెలకొక జాలీ కోసేవాళ్లకు మాత్రం మిషన్ ఎందుకు? చేతి కోపింగ్ సా (విల్లులాంటి చట్రానికి సన్న రేకు బిగించిన రంపం) వందల రూపాయల్లో దొరుకుతుంది, సద్దే ఉండదు.

బల్ల కింద ఏముంది

రంపం మంచిదైనా బల్ల తేలికదైతే ఫలితం సున్నా. బల్ల బరువుగా ఉండాలి. కింది అరలో ఇసుక మూటలు పెడితే చౌకలో బరువు వస్తుంది. ఉమ్మడి గోడకు బల్ల ఆనకూడదు, కనీసం నాలుగంగుళాలు ఎడం ఉండాలి. కాళ్ల కింద పశువుల కొట్టాల్లో పరిచే మందపాటి రబ్బరు మ్యాటు వేయండి. పాడి ఎక్కువున్న తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అది వెతుక్కోవాల్సిన వస్తువు కాదు. మ్యాటు మీద ఒక ప్లై ముక్క, దాని మీద కాలు పెడితే బరువు పరుచుకుంటుంది. పిల్లల గదిలో వేసే రంగురంగుల ఫోమ్ మ్యాట్లు ఆ బరువుకు చప్పిడైపోయి అదురును సూటిగా కిందికి పంపుతాయి.

మిషన్‌కు పెట్టె కట్టి మూసేయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. తిరుపతి ఎండల్లో గది వేడికే మోటారు కాగుతుంటుంది, గాలి రంధ్రాలు మూస్తే వైండింగ్ కాలిపోతుంది. గుడ్డ కూడా కప్పకండి.

మిద్దె మీద చేసుకుంటే? చేతి రంపానికి బాగుంటుంది. సర్క్యులర్ సాకు మాత్రం మిద్దె మోసకారి. గోడలు లేవు కాబట్టి చుట్టూ పది మిద్దెలకు వినపడుతుంది, కింది శ్లాబుకు అదురు ఎలాగూ పోతుంది.

కోయించుకొని తెచ్చుకోవడం

అన్నిటికన్నా తక్కువ సద్దు చేసే రంపం వేరే చోట తిరిగే రంపమే. ఎనిమిదడుగుల నాలుగడుగుల 18 మిల్లీమీటర్ల ప్లై షీటు బరువు 32 నుంచి 37 కిలోల దాకా ఉంటుంది, మూడో అంతస్తుకు ఎక్కించడమే పెద్ద పని. కోత పట్టీ రాసుకొని వెళ్లి షాపులోనే కోయిస్తే ఆ బరువూ తప్పుతుంది. పట్టీలో ప్రతి కోతకూ బ్లేడు తినే మూడు మిల్లీమీటర్లు కలపండి. నార దిశ ఏ వైపో ప్రతి ముక్కకూ బాణం గుర్తు వేయండి. ఒకే కొలత ముక్కలన్నీ మిషన్ అమరిక మార్చకుండా వరసగా కోయమని చెప్పండి, లేకపోతే అలమార రెండు పక్కలూ ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చి తలుపు పట్టదు. టేకు, వేప పలకలను మిల్లులో నిలువుగా చీల్పించి, కావాల్సిన పొడవుకన్నా రెండంగుళాలు ఎక్కువ ఉంచుకొని, చివరి అడ్డ కోత ఇంట్లో చేతి రంపంతో వేసుకోండి.

కొయ్య కొనేటప్పుడు బిల్లు అడగండి. ఎర్రచందనం ముక్క ఉంది, చౌకగా ఇస్తామని ఎవరైనా అంటే పక్కకు తప్పుకోండి. శేషాచలం అడవుల్లో పెరిగే ఆ చెట్టు కొయ్యను అటవీ శాఖ అనుమతి పత్రాలు లేకుండా ఇంట్లో పెట్టుకోవడమే కేసు. రంపం సద్దుకన్నా అది పెద్ద తలనొప్పి.

వేళలు

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు, అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, 55 డెసిబెల్ పరిమితి. రాత్రి 45. ఆసుపత్రులు, విద్యాసంస్థల చుట్టూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట 50, 40. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టుపక్కల ఉండేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఉదయం ఆరింటికి మొదలుపెట్టకండి. మే నెలలో చల్లపూట పని కానిద్దామని అనిపిస్తుంది, ఆ పూట చిత్రిక, ఇసుక కాగితం, జిగురు పనులకు వాడుకోండి. కరెంటు రంపానికి ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర, సాయంత్రం అయిదు నుంచి ఏడు. మధ్యాహ్నం కునుకు వేళ వద్దు. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షల రోజుల్లో పక్కింట్లో పిల్లలుంటే చేతి రంపంతోనే సరిపెట్టుకోండి.

మీ చెవి సంగతి కూడా చూసుకోండి. 85 డెసిబెల్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చనేది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ పెట్టిన హద్దు. మూడు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. జిగ్ సాకు ఫోమ్ ప్లగ్గులు చాలు, సర్క్యులర్ సాకు చెవులు మొత్తం మూసే మఫ్ పెట్టుకోండి.

ఎవరికి ఏది

అద్దె ఫ్లాటు, కింద ఇంకో ఇల్లు, నాలుగున్నర అంగుళాల గోడ: ర్యోబా, కోపింగ్ సా, రెండు క్లాంపులు, రబ్బరు మ్యాటు. మిగిలింది షాపులో కోయించండి. జిగ్ సా కొనేముందు ఒకసారి ఎవరిదైనా తెచ్చి, మీరు కోస్తుండగా ఇంట్లోవాళ్లను కింది ఇంటికి పంపి వినమనండి.

ఉమ్మడి గోడ ఉన్నా కింద నేలే ఉన్న ఇల్లు: అదురు గొడవ చాలావరకు తీరినట్టే, జిగ్ సా ధైర్యంగా కొనొచ్చు. తరచుగా మందం కొయ్య కోసేవాళ్లు బ్యాండ్ సా దాకా వెళ్లొచ్చు, గోడకు రెండడుగులు ఎడంగా పెట్టి. ఎక్కువగా ప్లై అలమారలే చేసేవాళ్లకు బ్యాండ్ సా దండగ, బ్లేడుకూ దాని వెనక స్తంభానికీ మధ్య ఉండే ఎడంలో షీటు పట్టదు. అమ్మకానికో, ఆర్డర్ల మీదో రోజూ చేయాలనుకుంటే ఇంట్లో ఏ రంపమూ సరిపోదు, చిన్న షెడ్డు అద్దెకు చూసుకోవాలి.

షాపులో మిషన్ చూసేటప్పుడు ఖాళీగా నడిపించమనండి. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి మీటరు దూరం నుంచి, ఒకే చోట నిలబడి రెండు మూడు మోడళ్లు కొలవండి. యాప్ చూపే అంకె కచ్చితం కాదు, గట్టి సద్దు దగ్గర ఫోను మైకు చేతులెత్తేస్తుంది, కానీ ఏది ఎక్కువ ఏది తక్కువ అనేది తెలుస్తుంది. జిగ్ సా పట్టుకొని వేగం నెమ్మదిగా పెంచుతూ పోండి. ఏదో ఒక చోట చేతిలో అదురు ఒక్కసారిగా పెరిగితే పునాది పలక స్క్రూలు బిగించి మళ్లీ చూడమనండి. అప్పటికీ తగ్గకపోతే ఇంకో పెట్టె విప్పించండి.